జీన్ టెస్టుల్లో ఏది ఎవరికి: పెళ్లి చూపుల నుంచి క్యాన్సర్ మందు దాకా

"జీన్ టెస్ట్ చేయిద్దామనుకుంటున్నాం, ఏ ప్యాకేజీ తీసుకోమంటారు?" ఈ ప్రశ్న ఈ మధ్య బాగా వినిపిస్తోంది. పెళ్లి కుదిరిన ఇంట్లో, మూడో నెల గర్భిణి ఉన్న ఇంట్లో, అమ్మకు క్యాన్సర్ వచ్చి కూతురికి టెన్షన్ పట్టుకున్న ఇంట్లో ఇదే మాట. ప్రకటనలు చూస్తే ఎక్కువ జీన్లు చూసే పరీక్షే మంచిదనిపిస్తుంది. రెండు వందల జీన్లు, రెండు వేల జీన్లు, మొత్తం జీనోమ్ అంటూ ఊదరగొడుతుంటారు. నేను చెప్పేది దీనికి పూర్తిగా వేరు. మీకు ఏ ప్రశ్నకు జవాబు కావాలో ముందు తేల్చుకోండి. ఆ జవాబు వచ్చాక మీరు ఏం చేస్తారో కూడా తేల్చుకోండి. ఆ తర్వాత ఆ ప్రశ్నకు సరిపోయే అతి చిన్న పరీక్షతో మొదలుపెట్టండి. చాలా ఇళ్లకు కావలసింది వందల్లో అయిపోయే రక్తపరీక్ష. కొన్ని ఇళ్లకు మాత్రం ఇరవై వేల జీన్లూ చూడక తప్పదు.

పెళ్లికి ముందు, పిల్లలకు ముందు

ఇక్కడ పోటీ రెండు పరీక్షల మధ్య. ఒకటి తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారవకపోవడం), సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోవడం) లాంటి రక్త సమస్యలను పట్టే హెచ్‌పీఎల్‌సీ, అంటే రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే పరీక్ష. రెండోది, వందల జబ్బుల్లో దేనికైనా మీరు క్యారియరా (జబ్బు లేకుండానే దాని జీన్ మార్పును మోస్తున్నారా) అని ఒకేసారి చూసే పెద్ద జన్యు ప్యానెల్. మొదటిది వందల్లో, మహా అయితే వెయ్యి పదిహేను వందల్లో అయిపోతుంది. రెండోదానికి వేలు పోయాలి. ఒక్కటే చేయించగలిగితే ఇంకో ఆలోచన లేకుండా మొదటిదే చేయించండి.

ఎందుకో చెబుతాను. తలసీమియా క్యారియర్‌కు జబ్బేమీ ఉండదు. "కాస్త రక్తం తక్కువ" అంటారు, ఐరన్ మాత్రలు రాస్తారు, ఎంతకాలం మింగినా హిమోగ్లోబిన్ అక్కడే ఆగిపోతుంది. కానీ ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తలసీమియా మేజర్, అంటే దాని తీవ్ర రూపం, వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఆ బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో పేరుకునే ఐరన్‌ను బయటికి పంపడానికి రోజూ మందు వాడాలి. ఇది బతికినన్నాళ్లూ తప్పదు, లేదంటే సరిపోయే దాత దొరికి మూలుగ మార్పిడి జరగాలి. హైదరాబాద్ శివార్లలో 1998 నుంచి ఈ పిల్లల కోసమే పనిచేస్తున్న తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ లాంటి చోట్లకు వెళ్తే, పుస్తకాల సంచితో వచ్చి రక్తం ఎక్కించుకుని వెళ్లే పిల్లలు కనిపిస్తారు. వాళ్ల తల్లిదండ్రుల్లో చాలామందికి తాము క్యారియర్లమని బిడ్డ పుట్టాకే తెలిసింది. ముందే తెలియడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

నిజానికి మొదటి ఆనవాలు మీ ఇంట్లో బీరువాలోనే ఉండవచ్చు. పాత సీబీపీ (రక్త కణాల లెక్క) రిపోర్ట్ తీసి చూడండి. అందులో హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి పక్కన పెట్టేస్తాం. దాని కిందే ఎర్ర కణాల సంఖ్య, ఎంసీవీ, ఎంసీహెచ్ అని మరో మూడు వరుసలుంటాయి. ఎంసీవీ అంటే ఎర్ర కణం సైజు, ఎంసీహెచ్ అంటే ఒక్కో కణంలోని హిమోగ్లోబిన్. ఎంసీవీ 80 కంటే తక్కువ, ఎంసీహెచ్ 27 కంటే తక్కువ ఉంటే కణాలు చిన్నగా ఉన్నట్టు. ఐరన్ తక్కువైనా చిన్నగానే ఉంటాయి, తలసీమియా క్యారియర్‌లోనూ చిన్నగానే ఉంటాయి. తేడా చెప్పేది సంఖ్య. ఐరన్ లోపంలో కణాలు చిన్నవీ, సంఖ్యలో తక్కువా ఉంటాయి. క్యారియర్‌లో చిన్నవే, కానీ సంఖ్య మాత్రం నిండుగా ఉంటుంది. ఎంసీవీని ఎర్ర కణాల సంఖ్యతో (మిలియన్లలో) భాగించి చూస్తారు. ఉదాహరణకు ఎంసీవీ 66, సంఖ్య 5.6 అయితే దాదాపు 11.8 వస్తుంది. 13 కంటే తక్కువ వస్తే తలసీమియాను అనుమానించాలి. ఎంసీవీ 70, సంఖ్య 4 అయితే 17.5. అది ఐరన్ లోపం వైపు మొగ్గుతుంది. ఈ లెక్కతో తీర్పు చెప్పకూడదు. అనుమానం వచ్చినవాళ్లను హెచ్‌పీఎల్‌సీకి పంపడానికే ఇది పనికొస్తుంది.

హెచ్‌పీఎల్‌సీ రిపోర్ట్‌లో చూడాల్సిన వరుస హెచ్‌బీఏ2 అనే హిమోగ్లోబిన్ రకం. మామూలుగా అది 3.5 శాతం లోపు ఉంటుంది. అంతకు మించి, ముఖ్యంగా 4 దాటి, కణాలు కూడా చిన్నవైతే బీటా తలసీమియా క్యారియర్ అనుకోవాలి. ఒక చిక్కుంది. ఐరన్ బాగా తక్కువగా ఉన్నప్పుడు హెచ్‌బీఏ2 కాస్త దిగి, క్యారియర్ కూడా నార్మల్‌గా కనిపించవచ్చు. బీ12 లోపంలో దీనికి భిన్నంగా కొంచెం పెరగవచ్చు. అందుకే అంచుమీద అంకె వస్తే లోపం సరిచేసి మళ్లీ చూడాలి, లేదా అప్పుడు డీఎన్‌ఏ పరీక్షకు వెళ్లాలి. డీఎన్‌ఏ పరీక్ష విలువ అక్కడుంది. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లని తేలినప్పుడూ అది తప్పనిసరి. ఇద్దరిలో ఏ మార్పు ఉందో తెలిస్తేనే గర్భంలోని బిడ్డకు పరీక్ష చేయగలరు.

సికిల్ సెల్ సంగతికొస్తే, 2023 జులైలో కేంద్రం ప్రారంభించిన మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపువారు 7 కోట్ల మందికి స్క్రీనింగ్ చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. 2047 నాటికి ప్రజారోగ్య సమస్యగా సికిల్ సెల్ ఉండకూడదన్నది దాని ఉద్దేశం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాలూ ఇందులో ఉన్నాయి. క్యాంపుల్లో సాల్యుబిలిటీ టెస్ట్ చేయడం చాలాకాలంగా ఉంది. చౌక, నిమిషాల్లో అయిపోతుంది. కానీ అది సికిల్ హిమోగ్లోబిన్ ఉందా లేదా అన్నంత వరకే చెబుతుంది. క్యారియరా, రోగా అన్నది చెప్పదు. ఆరు నెలల లోపు పసిబిడ్డలో నమ్మడానికి లేదు. తలసీమియా క్యారియర్‌ను అసలు పట్టదు. భర్త సికిల్ క్యారియర్, భార్య తలసీమియా క్యారియర్ అయితే పుట్టే బిడ్డకు సికిల్ బీటా తలసీమియా రావచ్చు, అదీ నాలుగింట ఒక అవకాశంతోనే. సాల్యుబిలిటీ టెస్ట్ చేసి "అమ్మాయికి ఏమీ లేదు" అని పంపేస్తే ఈ జంట చేజారిపోతుంది. క్యాంపులో పాజిటివ్ వచ్చినవాళ్లే కాదు, వాళ్ల జీవిత భాగస్వామి కూడా హెచ్‌పీఎల్‌సీ చేయించుకోవాలి.

మరి పెద్ద ప్యానెల్ ఎవరికి? మేనరికం చేసుకున్నవాళ్లకు దాని గురించి ఆలోచించడం సబబే. మన దగ్గర అత్త కొడుకు, మేనమామ కూతురు సంబంధాలు ఇప్పటికీ ఉన్నాయి, మేనమామనే చేసుకునే ఇళ్లూ ఉన్నాయి. బావామరదళ్లకు ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి, మేనమామ మేనకోడళ్లకు నాలుగో వంతు. ఏ జంటకైనా బిడ్డ పుట్టుకతో పెద్ద లోపంతో పుట్టే అవకాశం నూటికి రెండు మూడు ఉంటుంది. బావామరదళ్ల జంటలో అది నాలుగు నుంచి ఆరు దాకా వెళ్తుంది. అంటే తొంభై నాలుగు మందికి పైగా బాగానే పుడతారు. భయపెట్టి పెళ్లి ఆపాల్సినంత కాదు, పట్టించుకోకుండా వదిలేయాల్సినంతా కాదు. ఇలాంటి జంట ఇద్దరికీ కలిపి ఎక్సోమ్ (జీన్లలో ప్రొటీన్లు తయారుచేసే భాగాలన్నీ చదివే పరీక్ష) ఆధారంగా క్యారియర్ పరీక్ష చేస్తే, ఇద్దరిలోనూ ఒకే జీన్‌లో తేడా ఉందేమో చూడవచ్చు. ఇందులోనూ హెచ్‌పీఎల్‌సీ వదలకండి. కొన్ని ప్యానెళ్లు తలసీమియాకు కారణమయ్యే జీన్ తొలగింపులను సరిగా పట్టలేవు.

అయితే వంశంలో ఇప్పటికే జబ్బుతో ఉన్న బిడ్డ ఉంటే దంపతుల ప్యానెల్‌తో మొదలుపెట్టవద్దు. ముందు ఆ బిడ్డకు చేయండి. బిడ్డ బతికేలా లేదని డాక్టర్లు చెప్పిన సమయంలో ఈ మాట ఎత్తడం ఎంత కష్టమో తెలుసు, అయినా చెప్పాలి. డీఎన్‌ఏ కోసం కొంచెం రక్తం తీసి భద్రం చేయమని అడగండి. తర్వాతి బిడ్డ విషయంలో దారి చూపేది చాలాసార్లు అదొక్కటే.

సైప్రస్ అనే చిన్న ద్వీపం గురించి ఇక్కడ చెప్పాలి. అక్కడ తలసీమియా క్యారియర్లు చాలా ఎక్కువ. 1970ల్లో పరీక్షలు మొదలుపెట్టారు. 1980ల్లో అక్కడి చర్చి కూడా పెళ్లికి ముందు పరీక్ష చేయించుకున్న సర్టిఫికెట్ చూపమంది. తలసీమియా మేజర్‌తో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. నాకు ఇందులో నచ్చింది వేరే సంగతి. ఇద్దరూ క్యారియర్లని తేలిన జంటల్లో దాదాపు ఎవరూ పెళ్లి మానుకోలేదు. పెళ్లి చేసుకుని, గర్భం వచ్చాక బిడ్డకు పరీక్ష చేయించుకున్నారు. మన దగ్గర మాత్రం రిపోర్ట్ రాగానే "పిల్లలో లోపం ఉందట" అని సంబంధం తప్పించేస్తారు. క్యారియర్ కావడం లోపం కాదు. ఒక్కరే క్యారియరైతే బిడ్డకు జబ్బు రాదు. ఆ రెండోవారి రిపోర్ట్ నార్మల్‌గా ఉంటే చాలు. అందుకే నిశ్చయ తాంబూలాల ముందు రోజు హడావిడిగా కాకుండా, కాలేజీలో ఉండగానే అబ్బాయిలూ అమ్మాయిలూ ఎవరికి వారు చేయించుకుని రిపోర్ట్ దగ్గర పెట్టుకోవడం మేలు.

గర్భం వచ్చాక

ఇక్కడ మూడు దారులు: ఎన్‌టీ స్కాన్‌తో (బిడ్డ మెడ వెనుక నీటి పొర మందం చూసేది) కలిపి డబుల్ మార్కర్ అనే తల్లి రక్తపరీక్ష, ఎన్‌ఐపీటీ, ఉమ్మనీటి పరీక్ష. మొదటి రెండూ అనుమానం ఎంతో చెప్పేవి, మూడోది తేల్చి చెప్పేది. ఈ తేడా అర్థం కాక ఇళ్లల్లో జరిగే అనర్థం అంతా ఇంతా కాదు.

డబుల్ మార్కర్, ఎన్‌టీ స్కాన్ 11 నుంచి 14 వారాల మధ్య చేస్తారు. డౌన్ సిండ్రోమ్ (21వ క్రోమోజోమ్ ఒకటి అదనంగా ఉండడం) ఉన్న నూరు గర్భాల్లో 85 నుంచి 90 దాకా పట్టుబడతాయి. మంచి ఆరోగ్యంగా ఉన్న బిడ్డలకూ నూటికి ఐదుగురికి "రిస్క్ ఎక్కువ" అని వస్తుంది. ఎన్‌ఐపీటీలో తల్లి రక్తంలో తేలే మాయ (ప్లాసెంటా) తాలూకు డీఎన్‌ఏ ముక్కలను చూస్తారు. పదో వారం నుంచి చేయవచ్చు, డౌన్ సిండ్రోమ్‌ను 99 శాతం దాకా పడుతుంది. ఖర్చు వేలల్లో.

99 శాతం అనగానే పాజిటివ్ వస్తే ఖాయం అనుకుంటారు. లెక్క చూడండి. పాతికేళ్ల తల్లులు పది వేల మంది ఉన్నారనుకుందాం. వాళ్లలో డౌన్ సిండ్రోమ్ ఉన్న గర్భాలు సుమారు పది. ఎన్‌ఐపీటీ ఆ పదినీ పట్టిందనుకోండి. వెయ్యికి ఒకటి చొప్పున తప్పు పాజిటివ్ వచ్చినా మరో పది మంది బాగున్న బిడ్డలూ ఆ జాబితాలో చేరతారు. అంటే పాజిటివ్ వచ్చిన ఇరవై మందిలో సగం మంది బిడ్డలకు ఏమీ లేదు. అదే నలభై ఏళ్ల తల్లులైతే పది వేలలో సుమారు నూరు గర్భాలు, తప్పు పాజిటివ్‌లు అదే పది. అప్పుడు పాజిటివ్ అంటే పదిలో తొమ్మిది వంతులు నిజమే. పరీక్ష ఒకటే, జవాబు విలువ వయసును బట్టి మారిపోయింది. కాబట్టి ఎన్‌ఐపీటీ పాజిటివ్ వచ్చిందని గర్భం తీయించుకోకూడదు. ఉమ్మనీటి పరీక్షతో నిర్ధారించాకే ఏ నిర్ణయమైనా.

నా దృష్టిలో ఎంపిక ఇలా ఉండాలి. వయసు 35 లోపు, ఎన్‌టీ స్కాన్ బాగుంది, డబ్బుకు వెసులుబాటు లేదు అంటే డబుల్ మార్కర్ చాలు. రిస్క్ మధ్యస్థంగా వస్తే అప్పుడు ఎన్‌ఐపీటీకి డబ్బు పెట్టడం న్యాయం. వయసు ఎక్కువైతే, ఖర్చు భరించగలిగితే మొదటే ఎన్‌ఐపీటీ. ఎన్‌టీ మందం 3.5 మిల్లీమీటర్లు దాటినా, స్కాన్‌లో బిడ్డకు గుండె లోపం లాంటిది కనిపించినా ఎన్‌ఐపీటీతో కాలం గడపకుండా నేరుగా ఉమ్మనీటి పరీక్షకు, దానితో మైక్రోఅర్రేకు (క్రోమోజోముల్లో చిన్న ముక్కలు పోయాయా, పెరిగాయా చూసేది) వెళ్లాలి. ఎన్‌ఐపీటీ చూసేది కొద్ది క్రోమోజోముల లెక్కే. స్కాన్‌లో కనిపించే లోపాలకు కారణాలు అంతకంటే చాలా ఎక్కువ. ఉమ్మనీరు తీస్తే గర్భం పోతుందని భయపడతారు. అనుభవమున్న చేతుల్లో ఆ ప్రమాదం నూటికి ఒకటి కంటే బాగా తక్కువ.

మామూలు ఎన్‌ఐపీటీ తలసీమియాను చూడదు. దంపతులిద్దరూ క్యారియర్లైతే 11 నుంచి 14 వారాల మధ్య మాయ నుంచి ముక్క తీసే సీవీఎస్ చేయించాలి, లేదా 16 వారాల ప్రాంతంలో ఉమ్మనీటి పరీక్ష. అందుకే గర్భిణి మొదటిసారి ఆస్పత్రికి వచ్చిన రోజే హెచ్‌పీఎల్‌సీ చేయాలంటారు. ఐదో నెలలో బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్‌తో పాటు చేద్దాంలే అనుకుంటే, భర్తకు పరీక్ష, ఇద్దరికీ డీఎన్‌ఏ, ఆపై బిడ్డకు పరీక్ష అయ్యేసరికి వారాలు కరిగిపోతాయి. 2021లో సవరించిన చట్టం ప్రకారం బిడ్డకు తీవ్రమైన లోపం ఉంటే 24 వారాల తర్వాత కూడా మెడికల్ బోర్డు అనుమతితో గర్భం తీయించుకోవచ్చు. కానీ అన్ని వారాలు మోసిన తల్లికి ఆ నిర్ణయం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఇక ఆడా మగా అని అడగడం 1994 చట్టం కింద నేరం. ఎన్‌ఐపీటీలో ఆ సంగతి తెలిసినా మన దేశంలో రిపోర్ట్‌లో రాయరు. రాయకూడదు.

బిడ్డకు జబ్బుంది, పేరు తెలియదు

ఇలాంటప్పుడే పెద్ద పరీక్షలు నిజంగా అక్కరకొస్తాయి. అయినా మొదటి అడుగు ఎక్సోమ్ కాకపోవచ్చు. డాక్టర్ బిడ్డను చూసి డౌన్ సిండ్రోమ్ అనుకుంటే క్రోమోజోముల సంఖ్య, ఆకారం చూసే క్యారియోటైప్ చాలు. అది చేయించడం తర్వాతి కాన్పుకూ అవసరం, ఎందుకంటే కొందరిలో ఒక క్రోమోజోమ్ మరోదానికి అతుక్కోవడం తల్లిదండ్రుల నుంచి వచ్చి ఉండవచ్చు. మగపిల్లాడు నేల మీద నుంచి లేవడానికి తొడల మీద చేతులు ఆనించి లేస్తుంటే, పిక్కలు బలిసినట్టు కనిపిస్తుంటే, ముందు రక్తంలో సీపీకే (కండరాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) చూస్తారు. అది వేలల్లో ఉంటే డుషేన్ కండరాల జబ్బుకు ఎంఎల్‌పీఏ పరీక్ష, అంటే జీన్‌లో ముక్కలు పోయాయా, పెరిగాయా చూసేది. ఎక్కువమందిలో అందులోనే తేలిపోతుంది. పసిబిడ్డ మెత్తగా, కాళ్లు కదపకుండా ఉంటే ఎస్‌ఎమ్‌ఏ (వెన్నుపాము నరకణాలు దెబ్బతిని కండరాలు క్షీణించే జబ్బు) కోసం ఎస్‌ఎమ్‌ఎన్1 జీన్ పరీక్ష. అది నూటికి 95 మందిలో పట్టేస్తుంది.

డీఎన్‌ఏను ఒక పుస్తకం అనుకుంటే, ఎక్సోమ్ ప్రధానంగా అచ్చుతప్పులు వెతుకుతుంది. పేజీలకు పేజీలే చిరిగిపోయినా, ఒకే మాట వందసార్లు అచ్చయినా అది తడబడుతుంది. బుద్ధిమాంద్యం తెచ్చే పెళుసు ఎక్స్ (ఫ్రాజైల్ ఎక్స్) సిండ్రోమ్, మెదడును దెబ్బతీసే హంటింగ్టన్ జబ్బు ఈ రెండో రకం, వాటికి విడిగా పరీక్షలున్నాయి. బుద్ధిమాంద్యం, ఎదుగుదల లోపం ఉండి ఏ జబ్బూ స్పష్టంగా పోలకపోతే మైక్రోఅర్రే, ఎక్సోమ్ రెండింటిలో ఏది ముందు అన్నది డాక్టర్‌తో కలిసి నిర్ణయించుకోవాల్సిన సంగతి. మేనరికం ఉన్న ఇంట్లో నేనైతే ఎక్సోమ్ వైపే మొగ్గుతాను. ఎక్సోమ్ చేస్తే సుమారు మూడో వంతు పిల్లల్లో కారణం దొరుకుతుంది. అమ్మానాన్నల రక్తం కూడా కలిపి ట్రయోగా చేస్తే జవాబు మరింత స్పష్టంగా వస్తుంది.

రిపోర్ట్‌లో "ప్రాముఖ్యం తెలియని మార్పు" అని వస్తే దాన్ని జబ్బుగా తీసుకోకండి. దాని ఆధారంగా గర్భం గురించి నిర్ణయాలు తీసుకోకండి. మన దగ్గర ఇలాంటివి ఎక్కువ రావడానికి ఒక కారణం, ప్రపంచ డేటాబేసుల్లో యూరప్ మూలాలున్నవాళ్లే ఎక్కువ ఉండడం. మనవాళ్లలో మామూలుగా ఉండే తేడా కూడా అక్కడ కొత్తగా కనిపిస్తుంది. 2020లో మొదలైన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు పది వేల మంది భారతీయుల జీనోమ్ డేటాను 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. ఇలాంటి పని పెరిగేకొద్దీ ఆ తెలియని మార్పుల్లో చాలావాటికి జవాబు దొరుకుతుంది.

క్యాన్సర్: ఎవరి రక్తం ముందు

రెండు వేర్వేరు పరీక్షలను ఒకటే అనుకుంటారు. ఒకటి పుట్టుకతో వచ్చిన జన్యు మార్పును చూసేది, రక్తం నుంచి చేస్తారు, దాని ఫలితం ఇంటిల్లిపాదికీ సంబంధించినది. రెండోది గడ్డలో పుట్టిన మార్పును చూసేది, దాని పని మందు ఎంచడం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ అనే జీన్‌లో మార్పు ఉంటే మాత్రలతో మొదలుపెట్టవచ్చు. సీఎమ్‌ఎల్ అనే రక్త క్యాన్సర్‌లో బీసీఆర్ ఏబీఎల్ (రెండు జీన్లు అతుక్కుని ఏర్పడేది) కనిపిస్తే ఇమాటినిబ్ మాత్ర. 2001లో ఆ మందు వచ్చాక ఆ జబ్బు ఉన్నవాళ్ల జీవితమే మారిపోయింది. ఈ రెండో రకం పరీక్ష గురించి సందేహం అక్కర్లేదు. క్యాన్సర్ డాక్టర్ అడిగితే చేయించండి.

మొదటి రకం విషయంలోనే జాగ్రత్త. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పది. చిన్న వయసులో వచ్చినా, రెండు రొమ్ముల్లో వచ్చినా, ఇంట్లో ఒకరికి మించి వచ్చినా, అండాశయ క్యాన్సర్ ఉన్నా, మగవాళ్లకు రొమ్ము క్యాన్సర్ వచ్చినా బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జీన్లు ఉన్న ప్యానెల్ చేయించాలి. అయితే భయపడుతున్న కూతురికి కాదు, జబ్బు వచ్చిన అమ్మకు ముందు. అమ్మలో మార్పు దొరికితే కూతురికి ఆ ఒక్క మార్పు చూస్తే చాలు, ఖర్చు బాగా తగ్గుతుంది, ఆ మార్పు లేకపోతే లేదని ధైర్యంగా చెప్పగలరు. అమ్మను వదిలి కూతురికి చేసి నెగెటివ్ వస్తే దానికి అర్థం ఏమిటో ఎవరూ చెప్పలేరు. అమ్మకు కూడా లాభముంది, ఓలాపరిబ్ లాంటి మందులు ఈ మార్పు ఉన్నవాళ్లకు బాగా పనిచేస్తాయి. నాన్న వైపు మేనత్తల చరిత్ర కూడా చెప్పడం మరవకండి. ఈ మార్పు తండ్రి నుంచీ వస్తుంది.

మందు పడుతుందా లేదా

"నూరు మందులకు మీ జీన్ ఎలా స్పందిస్తుందో చెబుతాం" అనే ప్యాకేజీలు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అక్కర్లేదని నా అభిప్రాయం. మందు మొదలుపెట్టే ముందు చేసే ఒక్కో పరీక్ష మాత్రం విలువైనదే. మూర్ఛకు కార్బమాజెపైన్ ఇచ్చే ముందు హెచ్ఎల్ఏబీ 1502 అనే జీన్ రకం ఉందా అని చూస్తే, ఒళ్లంతా పొక్కులై చర్మం ఊడిపోయే ప్రమాదం కొందరిలో తప్పుతుంది. లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు 6 ఎంపీ మాత్రల డోసు నిర్ణయించడానికి ఎన్‌యూడీటీ15 అనే జీన్ చూస్తున్నారు.

తెలుగువాళ్లకు బాగా దగ్గరి ఉదాహరణ ఒకటుంది. ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి సూడోకోలినెస్టరేస్ అనే ఎంజైమ్ పుట్టుకతో లేకపోవడం మిగతావాళ్లకంటే ఎక్కువ. తరతరాలు తమలో తాము పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల ఒక పాత మార్పు నిలిచిపోయింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగస్వాములుగా 2017లో వచ్చిన పరిశోధన కూడా దీన్ని ప్రస్తావించింది. రోజువారీ జీవితంలో దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు. ఆపరేషన్‌లో మత్తుతో పాటు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే సూది ఇస్తే మాత్రం నిమిషాల్లో తేరుకోవాల్సిన కండరాలు గంటల తరబడి కదలవు, ఆ సేపంతా వెంటిలేటర్ మీద ఉంచాలి. దీనికి జీన్ టెస్ట్ అక్కర్లేదు. పురుగుమందు ఒంట్లోకి వెళ్లినవాళ్లకు చేసే కోలినెస్టరేస్ రక్తపరీక్షే చాలు. అది లేకపోయినా ఫరవాలేదు, మత్తు డాక్టర్‌కు "మా చిన్నాన్నకు ఆపరేషన్ తర్వాత ఊపిరి ఆలస్యంగా వచ్చింది" అని చెబితే ఆయన వేరే మందు వాడతారు.

క్షయకు చేసే సీబీనాట్, గోవాలో తయారయ్యే ట్రూనాట్ కూడా జన్యు పరీక్షలే, కాకపోతే రోగి జన్యువులు కాదు, క్రిమివి. తెమడను సూక్ష్మదర్శినిలో చూసే పాత పద్ధతి కంటే జబ్బును బాగా పట్టుకుంటాయి, రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందో లేదో కూడా గంటల్లో చెబుతాయి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. దగ్గు రెండు వారాలు దాటితే ఇదే అడగండి.

ఇంటికి వచ్చే ఉమ్ము కిట్లు

పూర్వీకులెవరో తెలుసుకునే సరదాకైతే సరే, జబ్బు గురించి నిర్ణయాలకు వద్దు. అమెరికాలో 23అండ్‌మీ కిట్‌కు 2018లో బీఆర్‌సీఏ పరీక్షకు అనుమతి వచ్చినప్పుడు అది చూసింది అష్కెనాజీ యూదుల్లో ఎక్కువగా కనిపించే మూడు మార్పులనే. జబ్బు తెచ్చే మార్పులు వేలల్లో ఉన్నాయి. తర్వాత మరికొన్ని కలిపారు, అయినా తెలుగింటి ఆడపిల్లకు "ఏమీ లేదు" అని అది చెప్పిన మాటకు బలం తక్కువ. ఆ సంస్థే 2025 మార్చిలో దివాలా రక్షణ కోరినప్పుడు లక్షల మంది తమ డీఎన్‌ఏ ఎవరి చేతికి పోతుందో అని కంగారుపడ్డారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడి 2008 చట్టం ఉద్యోగం, ఆరోగ్య బీమా విషయంలో జన్యు వివక్షను ఆపుతుంది కానీ జీవిత బీమాకు వర్తించదు. మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టమే లేదు.

రక్తం ఇచ్చే ముందు, రిపోర్ట్ వచ్చాక

ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అని చూడండి. అంతకంటే ముఖ్యం, రక్తం ఇవ్వక ముందే జెనెటిక్ కౌన్సెలింగ్ దొరుకుతుందా అన్నది. మంచి కౌన్సెలర్ మూడు తరాల వంశవృక్షం గీస్తారు, మగవాళ్లకు చతురస్రాలు, ఆడవాళ్లకు గుండ్రాలు, మేనరికానికి జంట గీత. ఆ కాగితం మీదే సగం ప్రశ్నలకు జవాబు తేలుతుంది. చిన్నప్పుడే పోయిన పిల్లలు, గర్భస్రావాలు దాచకుండా చెప్పండి. హైదరాబాద్‌లో నిమ్స్ జెనెటిక్స్ విభాగం, ఉప్పల్‌లోని డీఎన్‌ఏ పరిశోధన, పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి అరుదైన జబ్బుల జాతీయ కేంద్రాల్లో ఒకటిగా పనిచేస్తున్నాయి. 2021 జాతీయ విధానం కింద అర్హమైన జబ్బులకు ఇలాంటి కేంద్రాల ద్వారా 50 లక్షల దాకా చికిత్స సాయం దొరుకుతుంది. అందుకు జబ్బు పేరు నిర్ధారణ కావడం మొదటి మెట్టు.

ఎక్సోమ్ రిపోర్ట్ ఏమీ దొరకలేదని వస్తే కాగితంతో పాటు డేటా ఫైళ్లు కూడా అడిగి ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. చాలామంది అడగరు, కొన్నాళ్లకు ల్యాబ్ వాటిని తీసేయవచ్చు. ఏటా కొత్త జబ్బులకు కారణమైన జీన్లు బయటపడుతూనే ఉన్నాయి కాబట్టి, ఒకటి రెండేళ్లు ఆగి అదే డేటాను మళ్లీ చూడమంటే కొందరు పిల్లల్లో అప్పుడు జవాబు దొరుకుతుంది. దానికి మళ్లీ సూది గుచ్చనక్కర్లేదు, పూర్తి ఖర్చు మళ్లీ పెట్టనక్కర్లేదు. ఆ మధ్యలో బిడ్డకు కొత్త లక్షణాలు ఏవైనా కనిపిస్తే, ఫిట్స్ గానీ, చూపు తగ్గడం గానీ, నడక మారడం గానీ, తేదీ వేసి రాసి పెట్టుకుని ఆ కాగితం కూడా డేటాతో పాటు డాక్టర్‌కు ఇవ్వండి.